కల్పితలోకమున నియమకథనము: హాలియా పరిసరములనుండి కళాపూర్ణోదయము వరకు

కథలోని లోకము మనము బ్రతుకు లోకముకంటె భిన్నమైనపుడు, ఆ లోకపు నియమములను కవి శ్రోతకు ఎంత చెప్పవలెను, ఎప్పుడు చెప్పవలెను, ఎవరి నోట చెప్పింపవలెను అను ప్రశ్నకు మన విమర్శలో రసచర్చకును పాత్రపోషణచర్చకును దక్కిన స్థానములో పదవవంతైనను దక్కలేదు. చనిపోయినవాడు మరల పుట్టి పూర్వజన్మమును స్మరించుట, మనుష్యుడు పరరూపమును ధరించుట, ఒకని ప్రాణము ఏడు సముద్రముల కావల చిలుకలో నుండుట మొదలైనవి జరుగు కథలలో ఒక కట్టుబాటు ఉండును. ఆ కట్టుబాటు తెలియనివానికి కథ గందరగోళముగా తోచును. అంతయు ముందే తెలిసినవానికి చప్పగా నుండును. ప్రబంధములను బోధించువారికి ఇది కేవలము సిద్ధాంతవిషయము కాదు. పాఠమునకు ముందు కథాసంగ్రహమును చెప్పవలెనా, మానవలెనా అని ప్రతి సంవత్సరము తరగతిలో ఎదురగు చిక్కే ఇది.

ఈ పరిశీలనమునకు మేము హాలియాను నడుమనుంచుకొనుటకు కారణము కలదు. నల్లగొండ జిల్లా అనుముల మండలమునకు కేంద్రమైన ఈ ఊరు నల్లగొండనుండి నాగార్జునసాగరమునకు పోవు త్రోవలో నున్నది. దీనికి దక్షిణమున కృష్ణాతీరమందు నాగార్జునకొండ, పశ్చిమమున దేవరకొండ, వాయవ్యమున దూరముగా రాచకొండ. ఒకచోట బౌద్ధశిల్పము, ఒకచోట నాట్యలక్షణగ్రంథము, ఈ సీమ పల్లెలలో చిందు భాగవతము వెలసినవి. కాలముచేతను మతముచేతను ఒకదానితో నొకటి పొత్తులేని ఈ మూడును మన ప్రశ్ననే మూడు వైపులనుండి పట్టుకొన్నవి.

రాచకొండనేలిన రేచర్ల సర్వజ్ఞ సింగభూపాలుడు 14వ శతాబ్ది ఉత్తరార్ధమున రసార్ణవసుధాకరమును సంస్కృతమున రచించెను. ఆ గ్రంథము మూడవ విలాసమున రూపకలక్షణమును చెప్పుచు, పూర్వలాక్షణికుల మార్గముననే, కథావస్తువులో రంగముమీద చూపదగినది కొంత, సూచింపదగినది కొంత అని విభజించినాడు. సూచింపదగినదానిని ప్రేక్షకులకు అందించుటకు విష్కంభము, చూళిక, అంకాస్యము, అంకావతారము, ప్రవేశకము అను అయిదు అర్థోపక్షేపకములు ఉన్నవి. విద్యార్థులు వీనిని పరీక్షకొఱకు వల్లించి మరచిపోవుదురు. కాని వీనివెనుక నున్న ఆలోచన గట్టిది. ప్రేక్షకునకు తెలియవలసిన సంగతిని కవి తానే వచ్చి చెప్పరాదు. చెప్పుటకు తగిన హేతువుగల పాత్ర చెప్పవలెను. మధ్యమపాత్రలు చెప్పినచో విష్కంభము. నీచపాత్రలు తమ భాషలో చెప్పినచో ప్రవేశకము, అదియు మొదటి అంకమున కూడదు. తెరవెనుకనుండి వినబడినచో చూళిక. ఎవరు చెప్పుచున్నారన్నది ఏమి చెప్పబడినదన్నదానితో సమానముగా లెక్కకు వచ్చినది.

ఇవి సంఘటనలను తెలుపు సాధనములే కాని లోకనియమములను తెలుపునవి కావని ఒక ఆక్షేపణము రావచ్చును. అభిజ్ఞానశాకుంతలము నాలుగవ అంకమునకు ముందున్న విష్కంభమును చూచినచో ఆ ఆక్షేపణము నిలువదు. భారతకథలో లేని శాపమును కాళిదాసు కల్పించినాడు. దుర్వాసుని మాటచేత రాజు శకుంతలను మరచును, ఆనవాలైన ఆభరణమును చూచినపుడు శాపము తొలగును. ఇది సంఘటనయే కాదు, ఇక మీది కథ నంతటిని నడపు నియమము. దీనిని కవి ప్రియంవదానసూయలకు తెలిపినాడు. వారి ద్వారమున ప్రేక్షకులకు తెలిపినాడు. శకుంతలకు తెలుపలేదు, దుష్యంతునకు తెలుపలేదు. చెప్పినది ఒక్కమారే. అయిదవ అంకమున శకుంతల ఉంగరముకొఱకు వ్రేలిని తడవుకొన్నపుడు సభలో ఏ పాత్రకును ఎఱుకలేని భయము ప్రేక్షకునకు కలుగుట ఆ ఒక్కమాటు చెప్పుటవలననే. నియమమును విప్పి చెప్పుట రసమునకు విఘాతమనువారు ఈ ఘట్టమును మరల చదువవలెను.

నాగార్జునకొండ శిల్పులది వేరొక దారి. క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల కాలమున అక్కడ చెక్కబడిన ఫలకములలో బుద్ధచరిత్రమును జాతకకథలును వరుసగా నున్నవి. ఒక ఘట్టమునకును మరొకదానికిని నడుమ స్త్రీపురుషమిథునము నిలిచి అడ్డుగోడవలె వేరుచేయును. కాని ఇది ఫలానా కథ అని తెలుపు శీర్షికలు సాధారణముగా కానరావు. అంతకు కొన్ని శతాబ్దములముందు భార్హుత్ స్తూపమున జాతకముల పేర్లు రాతిమీద చెక్కియుంచిరి. ఆయకస్తంభములమీద దాతల పేర్లను అంత శ్రద్ధతో చెక్కించిన నాగార్జునకొండవారికి వ్రాత తెలియక కాదు. చూడవచ్చువానికి కథ తెలియునన్న ధీమా వారికి ఉండెను. జగ్గయ్యపేటలో దొరికి, ఇప్పుడు చెన్నపురి మ్యూజియములో నున్న చక్రవర్తి ఫలకమునందును ఇంతే. రాజు చేయి పైకెత్తియున్నాడు, మేఘములనుండి చదరపు నాణెములు రాలుచున్నవి. మాంధాతృజాతకము విన్నవానికి అతడు చేతులు చఱచినచో రత్నవర్షము కురియునను నియమము తెలియును. విననివానికి అది ఒక వింత వాన.

ఆ ధీమా ఎంతకాలము నిలిచినది? 1954 నుండి 1960 వరకు లోయలో త్రవ్వకములు జరిగినవి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపనము జరిగినది. లోయ మునిగి కొండ దీవియైనది. శిల్పములు నేడు దీవిలోని మ్యూజియములో నున్నవి. పడవదిగి వచ్చు యాత్రికుడు మొదట చదువునది శిల్పమును కాదు, దాని క్రింది పలకను. శిల్పి చెప్పక వదలినదానిని పలక చెప్పవలసివచ్చినది. ఇది శిల్పి లోపము కాదు. చూచువాని చేతిలోని తాళపుచెవి పోయినది. కనుక ఎంత చెప్పవలెనన్న ప్రశ్నకు కృతినిబట్టి మాత్రమే సమాధానము దొరకదు. చెప్పకుండుట ఒక సమాజమునకును కృతికిని నడుమ నున్న ఒడంబడిక. ఆ సమాజము మారినపుడు ఒడంబడిక కాగితము మాత్రము మిగులును.

చిందు భాగవతుల రంగమున ఈ ఒడంబడికను ప్రతిరాత్రి క్రొత్తగా వ్రాసికొందురనవచ్చును. తెలంగాణమంతట వ్యాపించిన ఈ యక్షగానమున వేషము నేరుగా రంగముమీదికి దుముకదు. తెర పట్టుదురు; తెరచాటున గజ్జెల చప్పుడు, పిదప ప్రవేశదరువు; వచ్చినవాడు తానెవరో, ఏ వంశమువాడో, ఎట్టి బలము కలవాడో తన నోటనే పాడును. సూత్రధారుడు అతని నడ్డగించి నీ వెవడవు, ఏ పని మీద వచ్చితివి అని ప్రశ్నించును. అందరెరిగిన రాముని, హరిశ్చంద్రుని సైతము అడుగును. హాస్యగాడు ఇంకొక అడుగు ముందుకుపోయి రాజు చెప్పినదానిని అపార్థము చేసికొని మరల చెప్పించును. చదువరులైన విమర్శకులు కొందరు దీనిని పునరుక్తిదోషమని తలపోయుదురు. మేము అట్లు తలపము. తెల్లవార్లు జరుగు ఆటలో నడుమ వచ్చి కూర్చున్నవానికి, ఒడిలో నిద్రించి లేచిన పిల్లవానికి, ప్రక్క ఊరినుండి వచ్చినవానికి ఈ ప్రశ్నోత్తరము తలుపు తెరచుచున్నది. తెలిసినవానికి విసుగు పుట్టకుండ హాస్యము తోడైనది. తెలియనివానికి చెప్పుచు తెలిసినవానిని నవ్వించుట రచనలో ఎంత కష్టమో నాటకములు వ్రాసినవారిని అడుగవలెను.

అందులోనే ఇంకొక విశేషము. సూత్రధారుడు అడుగునది వ్యక్తిని గూర్చియే కాని మాయను గూర్చి కాదు. రాక్షసుడు ఎవడని అడుగును, రూపము మార్చుట ఎట్లు సాధ్యమని అడుగడు. ఆ రెండవది అడిగినచో ఆట సాగదు. ఏది చెప్పవలెను, ఏది విడువవలెనన్న వివేకము ఏ లక్షణగ్రంథమునకును తీసిపోకుండ ఇక్కడ ఆచరణలో నున్నది.

బాలనాగమ్మ కథ ఈ విషయమున ప్రత్యేకముగా చూడదగినది. యక్షగానముగా, బుర్రకథగా, 1942 నుండి చలనచిత్రముగా తెలుగునాట దీనిని ఎరుగనివారు తక్కువ. మాయల ఫకీరు బాలనాగమ్మను ఎత్తుకొనిపోవును. వెదుకవచ్చిన భర్త కార్యవర్ధిని రాయిగా మార్చును. అతనిని ఏ ఆయుధమును చంపలేదు, ఏలయనగా అతని ప్రాణము అతనియందు లేదు. ఈ నియమమును కథకుడు మొదట చెప్పడు. ఫకీరు అజేయుడన్నంతవరకే మనకు తెలియును. అటుపిమ్మట బాలనాగమ్మ అతనిని మాటలలో పెట్టి ప్రాణము దాచిన చోటును రాబట్టును. ఆ రహస్యముతో కొడుకు బాలవర్ధి చిలుకను సాధించును. ఇచ్చట నియమమును చెప్పుట వివరణము కాదు, కథలోని ప్రధానకార్యము. చెరలోనున్న స్త్రీ చేతిలోని ఒకే ఆయుధము ప్రశ్న. ఫకీరు చెప్పిన క్షణముననే ఓడినాడు. శ్రోతకు సమాచారము చేరుట, పాత్రకు జయము చేరుట ఒకేసారి జరిగినవి. నిరక్షరులైన కథకుల నోట పెరిగిన కథలో ఇంత పొందిక ఉండుట ఆశ్చర్యమని వ్రాయు అలవాటు మనలో నున్నది. ఆ ఆశ్చర్యమే మాకు ఆశ్చర్యము.

ఇక కళాపూర్ణోదయము. పింగళి సూరన 16వ శతాబ్దిలో రచించి నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చిన ఈ ఎనిమిది ఆశ్వాసముల కావ్యమునకు పురాణములలో మాతృక లేదు. అనగా నాగార్జునకొండ శిల్పికి, చిందు భాగవతునకు ఉన్న ఒడంబడిక సూరనకు లేదు. పాఠకునకు ముందే తెలిసిన కథ కాదు. నియమములన్నియు కవి తానే కట్టి, తానే తెలుపవలెను. ఇంతటి స్వతంత్రకల్పనకు పూనుకొన్న పూర్వకవి తెలుగున మరియొకడు కనబడడు.

సూరన యేమి చేసినాడు? ద్వారకలో ఉయ్యాలలూగు కలభాషిణితో మొదలిడినాడు. ఆకాశమున రంభానలకూబరులు, నారదుడు, అతని శిష్యుడు మణికంధరుడు వచ్చుచున్నారు. కలభాషిణికి నలకూబరునిపై మనసు పోవును. మణికంధరుని తపస్సు చెఱుప రంభ వచ్చును. పిమ్మట మణికంధరుడు నలకూబరరూపమును, కలభాషిణి రంభారూపమును ధరింతురు. రంభలిద్దరు ఎదురుపడి నేనే రంభనని వాదులాడుదురు. సింహవాహనముతో మణిస్తంభుడను సిద్ధుడు వచ్చును. కళాపూర్ణుడను పేరు గల కథ ఒకటి ఉన్నదనియు, అది చెప్పరానిదనియు వినబడును. కథ మాత్రము వినబడదు. పాఠకుని చేతికి ముడులే ఇచ్చి కవి దారపుకొసను తన పిడికిట నుంచుకొన్నాడు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో ప్రకటించిన ఆంగ్లానువాదమునకు ఈ చెప్పరానితనమునే ఉపశీర్షికగా పెట్టుట సార్థకముగా నున్నది.

కొస దొరకునది చాల దూరము పోయిన పిదప. మదాశయుడు, రూపానుభూతి అను రాజదంపతులకు పుట్టిన పసిబిడ్డ మధులాలస మెడలో మణిహారము పడగానే మాటలాడనారంభించును. హారము వక్షమున తాకినవారికి పూర్వజన్మస్మృతి కలుగునన్నది ఆ లోకపు నియమము. ఆమె పూర్వజన్మమున కలభాషిణి. రాజు కళాపూర్ణుడు మణికంధరుడు. ఇదంతయు ఒకప్పుడు బ్రహ్మ సరస్వతితో ఏకాంతమున చెప్పిన కథ. ఒక చిలుక విన్నది. బ్రహ్మవాక్కు గనుక భూమిమీద జరిగి తీరినది. మొదటి ఆశ్వాసములలో అర్థముకాక విడిచిన ప్రతి మాటయు ఇప్పుడు తన చోటికి వచ్చి కూర్చుండును.

కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వవిచారమున ఈ కావ్యపు కథాసంవిధానమును ప్రశంసించి, వర్ణనలలో కథ మునిగిపోవు ప్రబంధములకు దీనిని ప్రత్యర్థిగా నిలిపెను. ఆ ప్రశంస న్యాయమైనదే. కాని సంవిధానమన్న ఒకే మాటలో రెండు వేరు పనులు కలిసిపోయినవని మా అభిప్రాయము. ఒకటి నియమమును దాచి కథను నడుపుట. రెండవది దాచినదానిని విప్పుట. మొదటిదానియందు సూరన అసమానుడు. రంభలిద్దరి కలహమును చదువునపుడు మనకును ఎవరు ఎవరో నిశ్చయముగా తోచదు. ఐనను చదువు ఆగదు. కారణము ఏమనగా, నియమము తెలియకున్నను పాత్రల కోరిక తెలియును. రంభ రోషము, కలభాషిణి ఆశ, పరరూపమున నున్నవాని బెదురు మనకు పరిచితములే. మాయ చీకటిలో నుండగా మనస్సులు వెలుతురులో నున్నవి. కల్పితలోకమును కట్టువాడు ఏమి చెప్పక దాచవచ్చునన్నదానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము మాకు దొరకలేదు.

రెండవపనియందు మాత్రము కవి చేయి కొంత బరువైనది. మధులాలస నోట కథ వినుట అద్భుతముగా నున్నది. పసిబిడ్డ జన్మాంతరకథ చెప్పుటలో నియమమును తెలుపు పని యొక దృశ్యమైనది. అటుపై బ్రహ్మ తన కథలోని వ్యక్తులకును తమ ప్రణయఘట్టమునకును గల పోలికలను ఒక్కొక్కటిగా విప్పుట వచ్చును. ఇది కథాలోకపు నియమమును దాటి కల్పనారహస్యమును చెప్పుట. అక్కడ సూరన శ్లేషకవి, రాఘవపాండవీయకర్త, ముందుకు వచ్చి తన నేర్పును లెక్క అప్పగించుచున్నాడు. లెక్క సరిపోయినదని మెచ్చుకొందుము. కాని మెచ్చుకొనుచున్నంతసేపు కథకు వెలుపల నిలిచియుందుము. అర్థోపక్షేపకలక్షణముతో కొలిచినచో, చెప్పువానికి చెప్పుటకు హేతువు గట్టిదైనంతవరకు వివరణము కథలో భాగముగా నుండును. సరస్వతి అడిగినందున బ్రహ్మ చెప్పినాడన్న హేతువు కలదు గాని, అది చెప్పబడిన విషయపు బరువును మోయజాలదు.

దీనికి ప్రక్కన సుగాత్రీశాలీనుల ఉపాఖ్యానమును పెట్టి చూడవలెను. ఆభరణములతో అలంకరించుకొని వచ్చిన భార్యను చేరలేని శాలీనుడు, ఆమె తోటపనిలో తనకు తోడై నిలిచినపుడు అనురక్తుడగును. ఇక్కడ శాపము లేదు, మణి లేదు, బ్రహ్మవాక్కు ప్రసక్తి కనబడదు. శాలీనుని స్వభావము అట్టిది. కావ్యమంతటిలో విద్యార్థులు మరువని ఘట్టమిది. అన్నింటికంటె తక్కువ వివరణము గలదియు ఇదియే.

మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీకథలు ఈ ప్రశ్నను మరింత సరళముగా తీర్చినవి. కాశికి పోవు మణిసిద్ధుడను యతి వెంట వచ్చు గోపబాలుడు ప్రతి మజిలీలోను ఒక వింతను చూచి, దాని కథ చెప్పుమని పట్టుపట్టును, చెప్పనిదే కదలడు. యతి మణిప్రభావమున తెలిసికొని చెప్పును. వింత ముందు, వివరణము తరువాత, వివరణమే కథ. పండ్రెండు భాగములు ఈ యంత్రముమీద నడచినవి. యంత్రమన్న మాట నిందకు వాడలేదు.

1957లో వచ్చిన మాయాబజార్ చిత్రమునకు మాటలు వ్రాసినది మరియొక పింగళి, నాగేంద్రరావు. అందు రెండు మాయావస్తువులు కలవు: తనపై నిలిచినవానిచేత నిజము పలికించు పీఠము, చూచినవారికి తమ ప్రియవస్తువును చూపు ప్రియదర్శిని. రెండింటి నియమమును మొదటనే, కానుకలు వచ్చిన సందర్భమున, వేడుకగా తెలిపివేసిరి. పీఠము చివర శకుని నిలిచినపుడు పనికివచ్చును. నడుమ ఎవరును దానిని జ్ఞాపకము చేయరు. ప్రియదర్శినిలో కృష్ణునకు శకుని కనబడును. నియమము తెలిసినందుననే ఆ దృశ్యము మనలను కుదుపును; ఏల శకుని అన్న ప్రశ్న మాత్రము ప్రేక్షకునికే మిగిలినది. నియమమును పూర్తిగా చెప్పి ఫలితమును విడుచుట చలనచిత్రములలో అరుదు. 2024లో వచ్చిన కల్కి 2898 ఏ.డి. చిత్రమున అశ్వత్థామ శాపభాగమునకు పీఠిక అక్కరలేకపోయినది. భావికాలపు నగరముల కట్టుబాట్లకు మాత్రము మాటలు చాల వెచ్చింపవలసివచ్చినది. పాతలోకము ఒడంబడికమీద నిలిచినది. క్రొత్తలోకమునకు ఆ ఊత లేదు. సూరనకు వచ్చిన కష్టమే ఇదియు.

మరల తరగతిగదికి వత్తము. కళాపూర్ణోదయమును పాఠ్యముగా నిర్ణయించినపుడు వాచకములకు ముందు కథాసంగ్రహము చేర్చు ఆచారము స్థిరపడినది. ఆ సంగ్రహము తరచుగా బ్రహ్మసరస్వతుల ఏకాంతముతో మొదలై కాలక్రమమున నడచును. అనగా కవి చివరకు చేర్చిన తాళపుచెవిని గుమ్మములోనే చేతబెట్టుచున్నాము. విద్యార్థికి సౌకర్యమే, కాని రంభలిద్దరి వాదమును అతడు సమాధానము తెలిసిన పొడుపుకథవలె చదువును, మధులాలస నోరు విప్పినపుడు అతనికి క్రొత్తగా తెలియునది ఏదియు లేదు. ఇతర ప్రబంధములకు, పురాణకథ మూలముగా గలవానికి, ముందు సంగ్రహము చెప్పుట హాని చేయదు. ఏలయన ఆ కాలపు శ్రోతకు అది తెలిసియుండెను, నేటివానికి పోయినదానిని మరల ఇచ్చుచున్నాము. మ్యూజియము పలక చేయు పనియే అది. సూరన శ్రోతకు ఏనాడును తెలియనిదానిని నేటి విద్యార్థికి ముందే ఇచ్చుట అట్టిది కాదు.

యక్షగానములను లిపిబద్ధము చేయు పరిశోధకులకు వ్యతిరేకదిశలో ఒక హెచ్చరిక అవసరము. ప్రతి వేషమునకును మరల మరల వచ్చు సూత్రధారుని ప్రశ్నలను, హాస్యగాని అడ్డుమాటలను అనవసరమని తొలగించి దరువులను పద్యములను మాత్రము ఎత్తి వ్రాసికొన్నచో, చేతికి వచ్చునది సాహిత్యపాఠమే కాని ఆట కాదు. ఎవరు ఎవరికి ఏమి తెలిపినారన్నది ఆ అడ్డుమాటలలోనే నున్నది. ప్రదర్శనకాలము తగ్గింపవలసివచ్చినపుడు మొదట కత్తెర పడదగినది ఇదియే అని తోచుట సహజము. ఆ కోతకు ముందే ఒక రాత్రి ఆట నంతటిని, ప్రశ్నలతో సహా, ఎక్కించి ఉంచుట పరిశోధకుని పని.

కళాపూర్ణోదయము విషయమున మేము కోరునది చిన్నమార్పు. సంగ్రహము ఉండవచ్చును, అది గ్రంథాంతమున నుండవలెను, అదియు కాలక్రమమున గాక సూరన చెప్పిన వరుసలోనే. నడుమ దారి తప్పిన విద్యార్థికి ఆశ్వాసమునకు ఒకటి చొప్పున, అంతవరకు కవి తెలిపినదానిని మాత్రమే చెప్పు రెండు వాక్యములు చాలును. మణిహారపు నియమము, ఆ లెక్కన, మధులాలస మాటలాడువరకు ఎక్కడను అచ్చుపడరాదు.